మాణిక్యమ్మ అక్క పాడని పాదం

మా కోడలు ఆదివారం పూట తలకు పెట్టుకోవడానికి కొబ్బరినూనె గిన్నెలో పోసి పొయ్యి మీద పెడుతుంది. నూనె కాస్త వేడెక్కి ఆ వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి నాకు తల సంగతి గుర్తురాదు, మొహం గుర్తొస్తుంది. అర్దళం, సఫేదా రంగుపొడులు కలిపి పట్టించిన నాటకపు మొహం మీద గోరువెచ్చటి నూనె రాసి, పాత పంచె గుడ్డతో గడ్డం కింది నుంచి పైకి తుడిచే రెండు చేతులు గుర్తొస్తాయి. ఆ చేతులు మాణిక్యమ్మ అక్కవి. రంగు పూసుకోవడం, తీసుకోవడం, స్టేజీ మీద నిలబడటం, నోరు తెరిచి మాట్లాడటం అన్నీ నాకు ఆవిడే నేర్పింది. ఆవిడంటే నాకున్నంత అసూయ లోకంలో ఇంకెవరి మీదా లేదు. ఆవిడ చనిపోయి చాలా ఏళ్ళయినా అది అట్లాగే ఉంది.

మాది రెంటచింతల. గుళ్ళో పూజ పాటలు పాడే పిల్లని నేను. సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో, నాన్న పోయి ఇల్లు గడవడం కష్టమైనప్పుడు, మేరీమాత పండగలో నా పాట విన్న ఒక హార్మోనియం మేష్టారు నరసరావుపేటలోని తన నాటక సమాజంలోకి రమ్మన్నాడు. "నాటకాల్లోకి పోతే నిన్ను మర్చిపోతానే లూర్దూ, నీ నాటకం చూట్టానికి మాత్రం చచ్చినా రాను" అంది మా అమ్మ. అయినా వెళ్ళాను. ఇంటి కోసమే వెళ్ళానని అప్పుడు అందరితో చెప్పాను కానీ, మైకు ముందు నిలబడి ఊరంతా వినేటట్టు పాడాలన్న ఆశ అంతకంటే ఎక్కువగా ఉండేది.

మేష్టారి సమాజం బతికిందంతా ఒకే ఒక నాటకం మీద. రాజు యుద్ధానికి పోయిన కాలంలో రాణి సింహాసనం మీద కూర్చుని తీర్పులు చెబుతుంటుంది. ఒక దొంగని పట్టుకొస్తారు. రాణి మరణశిక్ష వేస్తుంది. అతను చిన్నప్పుడు తప్పిపోయిన తన కొడుకేనని ఆమెకు తెలియదు, చూసే జనానికి మాత్రం మొదటి రంగం నుంచే తెలుసు. ఆ దొంగ భార్య వచ్చి రాణి కాళ్ళ మీద పడి వరసగా పద్యాలు పాడుతుంది. రాణి కరగదు. చివరికి శవం తెచ్చి ముందు పెట్టినప్పుడు భుజం మీద మచ్చ చూసి గుర్తుపడుతుంది. అప్పుడు ఆమె పాడే ఒక్క పద్యంతో నాటకం అయిపోతుంది. రాణి మాణిక్యమ్మ అక్క. భార్య వేషం నాది.

నా పద్యాలకు వన్స్‌మోర్లు పడేవి. పెట్రోమాక్సు దీపాల అవతల చీకట్లోంచి "వన్స్‌మోర్!" అని ఒకడు అరిస్తే చాలు, ఊరంతా అందుకునేది. మేష్టారు నవ్వుతూ మళ్ళీ శ్రుతి అందించేవాడు. మొగుడి మెడ మీద కత్తి పెట్టి ఉన్నా సరే, నేను లేచి కొంగు దులుపుకుని మళ్ళీ మొదటి నుంచి రాగం తీసేదాన్ని. అంతసేపూ అక్క సింహాసనం పక్కన నిలబడి నన్నే చూస్తూ ఉండేది. ఆవిడకు మాత్రం ఒక్క వన్స్‌మోర్ కూడా పడగా నేను వినలేదు. మొదట్లో అందుకు లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. చివరి పద్యంలో ఆఖరి పాదం ఇది: "కన్నతల్లియె నిను కాటికంపె తండ్రి". అక్క "కన్నతల్లియె నిను" దాకా పాడి ఆగిపోయేది. మేష్టారి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద అట్లాగే ఉండేవి. ఆ పద్యం పల్నాడులో రాని వాళ్ళు లేరు. కాసేపటికి ముందు చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలోంచి సన్నగా, ఒకరి తర్వాత ఒకరు, "కాటికంపె తండ్రి" అని తమలో తాము అనుకున్నట్టు పూర్తి చేసేవాళ్ళు. ఆ తర్వాత ఇక ఏడుపే. కొంగులు నోట్లో కుక్కుకునే వాళ్ళు, ఒళ్ళో నిద్రపోతున్న పిల్లల్ని లేపి మరీ గుండెకు అదుముకునే వాళ్ళు, కళ్ళు తుడుచుకోవడం కనబడకుండా ఆరిపోని చుట్టని మళ్ళీ వెలిగించుకునే మగవాళ్ళు. బొల్లాపల్లిలో ఒక ముసలి రైతు మరణశిక్ష వేసే రంగంలోనే లేచి, "ఒరేయ్, ఆమెకి ఎవురన్నా చెప్పండ్రా, ఆ పిల్లోడు ఆమె కొడుకేనని!" అని ఏడుస్తూ స్టేజీ ఎక్కబోయాడు. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

నాటకం అయ్యాక ఆడవాళ్ళు తెర వెనక్కి వచ్చేవాళ్ళు. అక్క చేతులు పట్టుకుని అట్లాగే నిలబడేవాళ్ళు. కొందరు ఆవిడ గడ్డం పుణికి "ఊరుకో తల్లీ, ఊరుకో" అని ఓదార్చేవాళ్ళు. తర్వాత నా వైపు తిరిగి, "నీ గొంతు చానా బాగుందమ్మాయ్" అనేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలేది. పద్యాలన్నీ పూర్తిగా పాడింది నేను, రాగాలు తీసింది నేను, అడిగించుకుని మళ్ళీ మళ్ళీ పాడింది నేను. సగంలో ఆపేసిన మనిషి చేతులు పట్టుకుని ఊరంతా ఏడవడం ఏమిటి? అక్క పక్కన కూర్చుని నా మొహానికి నూనె రాస్తుంటే ఆ చెయ్యి తోసెయ్యాలనిపించేది. తోసెయ్యలేక పళ్ళు బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

అట్లాగని ఆవిడ నన్ను దూరం పెట్టిందా అంటే అదీ లేదు. నరసరావుపేటలో ఒక పత్తి గోదాము మేడ మీద పగటిపూట రిహార్సల్స్ జరిగేవి. ఒకరోజు నేను రాగం మంచి ఊపులో తీస్తుండగా ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఏమే లూర్దూ, అవతల నీ మొగుణ్ణి నరకబోతన్నారు. నువ్వేమో కచేరీ చేస్తన్నావు."

"జనం అడుగుతున్నారు కదక్కా."

"అడుగుతారు. వాళ్ళకేం పోయింది? నీకు మొగుడు పోతన్నాడు." అంతలోనే ఇంకో తప్పు పట్టుకుంది. "ఇంకోటి. నేను మాట్టాడేటప్పుడు నువ్వేం చేస్తన్నావు? గాజులు సర్దుకుంటన్నావు. ఇనవే. ఎదుటి మనిషి చెప్పేది ఇంటే చాలు, మొహంలోకి అదే వస్తది."

ఆ వినడం నాకు ఎన్నాళ్ళకూ పట్టుబడలేదు. ఆవిడ మాట్లాడుతుంటే నాకు వినబడేది చీకట్లో ఎవరు ఎంత ఏడుస్తున్నారన్నదే. భార్య వేషంలో మొగుడి శవం మీద పడి ఏడవాల్సిన చోట నేను తల వంచుకుని, ముంగురుల సందులోంచి ముందు వరస ఆడవాళ్ళ కళ్ళు చూసేదాన్ని. అన్ని కళ్ళూ అక్క మీదే ఉండేవి.

చివరికి నకరికల్లులో నాకు అవకాశం వచ్చింది. అక్కకి జ్వరం తగిలి, మాకు విడిది ఇచ్చిన బడిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. మేష్టారు రాణి వేషం నన్ను వేయమని, నా వేషానికి ఇంకో పిల్లని సిద్ధం చేశాడు. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందం చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అక్క ఏం చేస్తుందో అన్నీ నాకు కంఠతా వచ్చు. ఎక్కడ తల తిప్పుతుందో, ఎక్కడ ఆపుతుందో అన్నీ చూసి పెట్టుకున్నాను. చివరి పద్యం అందుకున్నాను. "కన్నతల్లియె నిను" అని ఆపేశాను.

జనం ఎదురుచూశారు. నేనూ ఎదురుచూశాను. చాపల మీద ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనకనుంచి ఒక గొంతు లేచింది: "అందివ్వండయ్యా! పిల్ల మర్చిపోయింది పాపం!" తెర పక్కనుంచి అందించేవాడు కంగారుగా "కాటికంపె" అన్నాడు. అది వినబడలేదనుకున్నాడేమో, నా ముందు చచ్చి పడున్న దొంగ వేషగాడు కళ్ళు మూసుకునే పెదాలు కదిపి "కాటికంపె, కాటికంపె" అన్నాడు. శవం పద్యం అందించడం ముందు వరసలో పిల్లలు చూశారు. ఇంక నవ్వులు ఆగలేదు. నేను ఆఖరి ముక్క గబగబా పాడేసి లోపలికి పరిగెత్తాను.

మర్నాడు పొద్దున బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చున్నాం. అక్కకి జ్వరం తగ్గింది, సంగతంతా తెలిసింది. నేను పట్టలేక అడిగేశాను.

"నీకంటే పైకొస్తానని అసలు కిటుకు దాచిపెట్టుకున్నావు. నువ్వు ఆపితే ఏడుస్తారు, నేనాపితే నవ్వుతారు. ఏముంది అందులో?"

అక్క నెమ్మదిగా చెప్పింది. "నేను కావాలని ఆపట్లేదే. ఆ పై స్థాయి నాకు అందదు. పిల్లలు పుట్టినాక గొంతు పడిపోయింది. మొదటిసారి మాచర్లలో పైకి పోబోతే గాలి తప్ప ఏం రాలా. సిగ్గుతో చచ్చిపోయాను. జనమే పాడారు. అప్పట్నించీ వాళ్ళే పాడతన్నారు."

"మరి ఆ ఏడుపు?"

"ఏడుపు నిజంగానే వస్తది. నీ వల్లే." అటు తిరిగి రోడ్డు వైపు చూస్తూ అంది. "వన్స్‌మోర్ అన్నప్పుడల్లా నువ్వు మళ్ళీ పాడతావు. నేను నిలబడి ఇంటా ఉండాలి గదా. నాకు ఏదైతే పోయిందో అది నీ గొంతులో ఆడుకుంటా ఉంటది. కడుపు రగిలిపోద్ది. ఆ పద్యం కాడికి వచ్చేసరికి ఇంక పట్టలేను. జనం కొడుకు కోసం ఏడస్తన్నాననుకుంటారు."

నాకు కోపం పోలేదు. కొంచెం సంతోషం వేసింది, అది నిజం. కానీ వెంటనే ఇంకో మంట మొదలైంది. నా మీద కుళ్ళుకుని ఏడ్చినా ఆవిడ ఏడుపే పండుతున్నది. నేను ఆవిడ మీద కుళ్ళుకుంటే మాత్రం గాజులు సర్దుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆవిడ గొంతు మాట్లాడటానికి కూడా రాకుండా పోయింది. ఊళ్ళల్లోకి టూరింగు సినిమాలు వచ్చి మా ఆటలు తగ్గాయి. రాణి వేషం నాదైంది. ఊరూరా వన్స్‌మోర్లు. ఆఖరి పాదం మొత్తం పాడేదాన్ని. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, మళ్ళీ పాడమనేవాళ్ళు, ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు. తెర వెనక్కి వచ్చి నా చేతులు పట్టుకున్న వాళ్ళు లేరు.

అప్పుడే మా రెంటచింతల నుంచి పిలుపు వచ్చింది. సొంతూళ్ళో మొదటి ఆట. రానని పట్టు పట్టిన అమ్మ ఊళ్ళో వాళ్ళ బలవంతం మీద వచ్చి ముందు చాప మీద కూర్చుంది. నరసరావుపేట నుంచి బస్సెక్కి అక్క కూడా వచ్చింది. ఆవిడెవరో అమ్మకు తెలియదు, ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మా అమ్మ నా కోసం ఒక్క కన్నీటి బొట్టు రాలిస్తే చాలు, ఇంక నాకు ఏ ఊరి చప్పట్లూ అక్కర్లేదనుకున్నాను. చివరి పద్యం నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఆఖరి పాదాన్ని పైకి తీసుకెళ్ళి, అక్కడ నిలిపి, మెల్లగా దించాను. వన్స్‌మోర్ అని ఒక్కరూ అనలేదు. చాపల మీద ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు. మా అమ్మ ఏడుస్తున్నది. ఇన్నేళ్ళూ నేను దేనికోసం కుళ్ళిపోయానో అది నా ఊళ్ళో, నా కళ్ళ ముందు జరిగింది.

తెల్లారాక ఇంటికెళ్ళి, "నా పద్యం అంత బాగుందా అమ్మా?" అని అడిగాను.

"నిన్నెక్కడ చూశానే?" అంది అమ్మ. "నువ్వు పద్యం ఎత్తుకున్న కాడ్నించీ నా పక్కన ఆమె కొంగు నోట్లో పెట్టుకుని వెక్కిళ్ళు పెట్టి ఏడస్తా ఉంది. ఆమెను చూసి నాకూ ఆగలా. ఇటుపక్క వాళ్ళకీ ఆగలా. ఎవురే ఆమె?"

నేను బస్సుల దగ్గరికి పరిగెత్తాను. అక్క మాచర్ల వైపు నుంచి వచ్చే బస్సు కోసం నిలబడి ఉంది. "నా ఆట కూడా తీసేసుకున్నావు కదక్కా" అన్నాను.

ఆవిడకు గుసగుస తప్ప రాదు. దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది. "నేనేం చేసేదే? ఆ పాదం అట్టా పాడితే ఎట్టా ఆపుకునేది? బతికినన్నాళ్ళూ ఒక్కసారన్నా అట్టా పాడాలనుకున్నాను. నువ్వు పాడేశావు. కుళ్ళుతో చచ్చానే."

"జనం నా వల్ల ఏడవాలక్కా. నీ వల్ల కాదు."

"అయితే నాలాగే కుళ్ళి చావు" అని నవ్వి, నా గడ్డం పట్టుకుని ఊపి, బస్సెక్కింది.

సమాజం మూతపడ్డాక నేను మాచర్లలో బడిపిల్లలకు పాటలు నేర్పుతూ బతికాను. ఇప్పుడు నా గొంతూ పోయింది. పండగల్లో, పెళ్ళిళ్ళలో ఏ పిల్లయినా పై స్థాయి అందుకుని అక్కడ నిలబడిందంటే నా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరుగుతాయి. పక్కవాళ్ళు చూసి, పెద్దావిడ మనసు ఎంత మెత్తనో అనుకుంటారు. పాట అయ్యాక ఆ పిల్లని తీసుకొచ్చి నా ముందు నిలబెడతారు. "బాగా పాడావు తల్లీ" అని తల మీద చెయ్యి పెడతాను. కడుపులో రగులుతున్నది మాత్రం చెప్పలేను. మాణిక్యమ్మ అక్క ఆ మాట నా మొహం మీదే చెప్పగలిగింది. నేను ఇంతవరకూ ఒక్క పిల్లకి కూడా చెప్పలేకపోయాను. అందులోనూ ఆవిడే గెలిచింది.