నాలుగు కడుగులు మానేశాను

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. పదిహేనేళ్లుగా గుండెలో మోస్తున్న మాట ఇది. గట్టిగా చెప్పలేను.

కొవ్వూరు అవతల కాలవగట్టున, గ్రాఫైట్ రేకులు చేసే షెడ్డులో కడిగే పని నాది. గ్రాఫైట్ అంటే పొరలు పొరలుగా ఉండే నల్లటి పొట్టు. యాసిడ్‌లో నానబెడితే ఆ యాసిడ్ పొరల సందుల్లోకి దూరి కూర్చుంటుంది. ఏడుసార్లు కడగాలి. చివరి నీళ్లు రాతి ముగ్గుపిండి మీద పోస్తే పొంగకూడదు. పొంగిందంటే యాసిడ్ ఇంకా ఉన్నట్టే. ఆరబెట్టాక వేడి ప్రెస్సులో ఒత్తితే పొరలన్నీ దగ్గరికి జరిగి గట్టి రేకవుతుంది.

ఆ ఎండాకాలం కాలవలు కట్టేశారు. బోరు దగ్గర్నుంచి బిందెలు మోసి మోసి మూడో కడుగుకే నా నడుం పడిపోయింది. ముగ్గుపిండి బుసబుసా పొంగింది. చూశాను. కాలితో చెరిపేశాను. పొట్టు ఆరబోశాను.

ప్రెస్సు నడిపే సత్తిబాబు నాకు తమ్ముడి వరస. నోరు కాస్త దురుసు. మర్నాడు అందరి ముందూ అడిగాడు.

"ఏంటక్కా, కాలవతో పాటు నువ్వూ ఎండిపోయావా? సరిగ్గా కడిగావా అసలు?"

"నువ్వు రాకముందు నుంచీ కడుగుతున్నాను. ముగ్గు పొంగలేదు. వేసుకో."

వేసుకున్నాడు. ఎందుకలా అన్నాను? బద్ధకాన్ని దాచుకోవడానికా, నలుగురిలో అలా అడిగాడన్న కసికా? ఆ క్షణంలో వాడికి చిన్న దెబ్బ తగిలితే బాగుండునని ఏ మూలో అనుకున్నానా? ఇప్పటికీ లేదని చెప్పలేను.

ప్రెస్సు దిగింది. ఒత్తిడికి లోపలి యాసిడ్ కొన్ని పొరల్ని ఖాళీ చేసి పక్క పొరల్లో కిక్కిరిసిపోతుందట, ఇంకా ఒత్తితే ఆ వేడికి ఆవిరై తన్నుకొస్తుందట. తర్వాత వచ్చిన ఇంజనీరుగారు చెప్పారు. నేను చూసింది వేరు. అచ్చు పగిలింది. ఇనపముక్క వాడి కుడిచేతిని మోచేతి దగ్గర తెంపేసింది. ఆవిరి కళ్లలో కొట్టింది. మొహం మీది తోలు చొక్కాకి అంటుకుపోయింది. నీళ్లు, నీళ్లు అని అరుస్తూ నా వైపే పాక్కుంటూ వచ్చాడు. బిందెల్లో చెంబుడు నీళ్లు లేవు. నేను తేలేదుగా.

యజమాని పరిగెత్తుకొచ్చాడు. ఒత్తిడి చూపించే ముల్లుని ఎర్రగీత దాటించావని, నేలమీద పడున్నవాణ్ణే డొక్కలో తన్నాడు. రెండోసారీ తన్నాడు. దాటించలేదని నాకు తెలుసు. నోరు విప్పలేదు.

వాడికి చూపు రాలేదు. ఇన్నేళ్లకి, నిజంగా తనే ఎక్కువ ఒత్తాడేమోనని నమ్ముతున్నాడట. మొన్న ఒక పెళ్లిలో పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టాను, అప్పుడు చెప్పాడు. అప్పుడూ నోరు పెగల్లేదు.

కడగలేదు. పొంగింది. అబద్ధమాడాను. ఇదిగో, అనేశాను. మన్నించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఊపిరి మాత్రం కాస్త లోపలికి దిగింది.

మీ ఇంట్లోంచి పనికెళ్లిన ప్రతివాళ్లూ ఏ దెబ్బా తగలకుండా పొద్దుగూకేసరికి గడపలోకి రావాలి తల్లీ. మీ ఇల్లు పదికాలాలు నిండుగా ఉండాలి.