ఓనరాంటీ మోకాలి మచ్చ

వన్ టౌన్‌లో మా ఇంటి ఓనరాంటీ మోకాలి నొప్పికి కీలులో ఇంజెక్షన్ చేయించుకున్నారు. నొప్పి తగ్గింది గానీ, సూది గుచ్చినచోట రంగు పోయి రూపాయి బిళ్లంత తెల్లమచ్చ పడింది. మందు వల్ల అరుదుగా ఇలా అవుతుందన్నారు డాక్టరు. ఆవిడ చీర ఎగ్గట్టి వాకిలి కడుగుతుంటే చూసిన పక్కింటావిడ మాత్రం బొల్లి అని వీధంతా చాటింది.

అప్పట్నుంచీ ఎవరొచ్చినా, కాఫీ కంటే ముందు మోకాలు చూపించేవారు: "బొల్లి కాదండీ, ఇంజెక్షన్!"

పెళ్లిచూపుల రోజు ఆ ఊసెత్తొద్దని కూతురు ఒట్టేయించుకుంది. అయినా ఎత్తారు, ఊసూ చీరా రెండూ. సంబంధం పోయిందనే అనుకున్నాం.

పెళ్లికొడుకు తల్లి కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "మచ్చ సంగతి సరేనండీ, నొప్పి తగ్గిందా?"

ముహూర్తం కంటే ముందు వియ్యపురాలి మోకాలికి అదే డాక్టరు అపాయింట్‌మెంటు ఖాయమైంది.