పైకి చదివితే

గల్ఫ్‌లో పనికొచ్చిన మేం బతా పేటలో ఉండే గదికి ఊరి నుంచి పచ్చడి సీసాలకు చుట్టి వచ్చిన తెలుగు పేపర్లను ప్రతి శుక్రవారం నేనే పైకి చదివి వినిపించేవాణ్ణి. వార్త చిరిగిపోయిన చోట మిగతాది గదిలోవాళ్లు అల్లేవారు. ఇప్పుడు ఎవడి ఫోన్ వాడిదే.

మొన్న ఒక పుస్తకం చదువుతున్నాను. ఐరోపాలో అచ్చు కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకడు చదువుతుంటే పనివాళ్లంతా చుట్టూ చేరి వినేవారట. అచ్చం మా గదే! ఉండబట్టలేక ఆ పేరా గట్టిగా చదివాను. ఇన్నేళ్లూ ఊరి కబుర్లన్నీ నా గొంతులోనే విన్న కరీంనగర్ తాపీమేస్త్రీ ఫోన్ మీంచి తలెత్తలేదు.

"జర మనసుల సదువుకో అన్నా, వీడియో ఇనవడ్తలేదు" అన్నాడు.

ఒళ్లు మండి పుస్తకం మూసేశాను. ఐరోపాలో ఆ వినేవాళ్లు తర్వాత ఏమయ్యారో పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన ఖర్మ నాకు పట్టలేదు.