చిటికెన వేలంత రైలు దారి

మీరా సాహెబు జన్మలో ఒక్క పనిముట్టు కొనలేదు. విరిగిన రంపపు బ్లేడు ముక్కకు వెదురు పిడి వేస్తే సన్న రంపం. గ్రామఫోను ముల్లును చింతకొయ్యలో దిగగొడితే ఇత్తడి మీద గీతలు గీసే మొన. చదును చూసుకునే పలకకు దొరల కార్ఖానాల్లో బోలెడు ఖర్చు పెడతారు. ఈయన మాచర్ల నాపరాయిని ఇంకో రాయితో నూరి సాధించాడు. తండ్రి గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. ఈయన నరసరావుపేట స్టేషను రోడ్డులో గొడుగులూ తాళాలూ బాగుచేసేవాడు. సన్న పనిముట్లు మాత్రం ఒక్క మనిషి కోసం: గూడ్సు గుమస్తా బ్రహ్మానందం. ఆయన ఇంట్లో చెక్క మీద బొమ్మ రైలు దారి వేసుకుంటాడు. యుద్ధం వచ్చి ఇంగ్లండు నుంచి సీమ సరుకు ఆగిపోయాక మీరా సాహెబే దిక్కు.

నలభై రెండు సెప్టెంబరు. ఆగస్టులో క్విట్ ఇండియా గొడవల్లో అక్కడక్కడా పట్టాలు పీకినందుకు పోలీసులు కొట్లన్నీ గాలిస్తున్నారు. నేను గొడుగు బాగుకిచ్చి కూర్చున్న వేళకే ఎస్సై వచ్చాడు. ఇత్తడి కొలతరేకు దొరికింది. రెండు గాట్లు, మధ్య చిటికెన వేలంత ఎడం. పక్కనే పట్టాల బొమ్మ గీసిన కాగితం.

"ఏందిది?"

"పట్టాల ఎడం సమంగా ఉందో లేదో చూసేదండి. బొమ్మ పట్టాలకి."

"ఇది నమూనా. పట్టాలు పీకే అసలుది యాడ దాచావు? ఎవరు చేయించారు?"

ఆ కాగితం పక్కన రైల్వే ఉద్యోగి పేరు వినపడితే, ఉద్యోగంతోపాటు మనిషీ జైలుకు పోయే రోజులవి.

"నాకోసమే చేసుకున్నానండి."

అప్పుడే బ్రహ్మానందం రోడ్డు దాటి కొట్టు ముందుకొచ్చాడు, రేకు కోసమే. మీరా సాహెబు తల ఎత్తకుండా, "తాళం ఇంకా కాలేదు బాబుగారూ, తర్వాత రండి" అన్నాడు.

బ్రహ్మానందం నిలబడిపోయాడు. ఎస్సై ఆయన వంక చూశాడు.

"ఎప్పుడొచ్చినా ఇదే మాట నీది" అని విసుక్కుని వెళ్ళిపోయాడు బ్రహ్మానందం.

"నీకోసమేగా. అయితే పట్టా వేసి చూపించు. రాకపోతే ఠాణాకే" అన్నాడు ఎస్సై.

పనిముట్లు చేసిన ఆ మనిషి ఏనాడూ పట్టా వేసి ఎరగడు. అడగకుండానే నా గొడుగులోంచి రెండు ఊచలు లాగాడు. నాపరాయి మీద అగ్గిపుల్లలు అడ్డంగా పేర్చి, కరిగిన లక్క చుక్కలు వేసి, ఊచలు అద్దాడు. లక్క గట్టిపడేలోపు రేకుతో ఎడం సరిచూడాలి, చల్లారితే అంతే. బందరులో ఒక కంసాలి ముక్కుపుడక అతకడం చూశాను; ఆ కంసాలి చెయ్యి కూడా ఇంత గట్టిగా నిలబడలేదు.

జవాను నవ్వాడు. "దీని మీద ఏం పోతయ్యి సాయిబూ, చీమలా?"

మీరా సాహెబు సొరుగులోంచి సోడా గోలీ తీశాడు. రాయికి ఒకపక్క ఎత్తుపెట్టి వదిలాడు. ఎడం పెరిగితే గోలీ మధ్యలో ఇరుక్కుంటుంది. తగ్గితే పక్కకు దొర్లుతుంది. అది సగం దూరం పోయి, ఒకచోట వణికి, మళ్ళీ సాగి, ఎస్సై అరచేతిలో పడింది.

ఎస్సై తానే ఇంకోసారి వదిలాడు. మూడోసారి, వెలుతురుకు అడ్డం లేవమని జవానును కసిరాడు. చివరికి రేకు జేబులో వేసుకుని, "ఇది నా దగ్గరుంటది" అని దిగిపోయాడు.

మీరా సాహెబు భార్య ఖైరున్నీసా కొట్టు వెనక తెర తీసింది. "పోయారా?"

"పోయారు. రేకూ పోయింది." చేతులు తుడుచుకున్నాడు. "పోనీలే. దాని గాటొకటి వదులుగా ఉంది, గోలీ ఒకచోట వణికింది అందుకే. ఎస్సై చూసుకోలా."