అక్క గొంతు కోసం మెట్టుగూడ దాకా

బావ ఫోన్ చేసి, "మీ అక్క ఆపరేషన్‌కి రానంటోందయ్యా, నువ్వొచ్చి చెప్పు" అన్నారు. అక్కకి మెడలో థైరాయిడ్ గడ్డ. తీశాక గొంతు కొంచెం మారవచ్చని డాక్టరు చెప్పారట. మెట్టుగూడలో వాళ్ల చర్చిలో ఏళ్ల తరబడి పాట ఎత్తుకునేది అక్కే. ఆ మాట విన్నప్పటినుంచి పాటే మానేసింది.

ఆ రాత్రే తాడేపల్లిగూడెంలో రైలెక్కాను. పులిహోర పొట్లం విప్పగానే పైబెర్తు ఆయన కిందికి దిగాడు, సగం ఆయనదైంది. తెల్లారి సికింద్రాబాద్. స్టేషన్ బయట మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాతి స్టేషనే. ఇది మీకోసం చెబుతున్నాను. నేను మాత్రం ఆటో ఎక్కి, దారి నాకు తెలుసని ఆటో అతన్ని నమ్మించి, ఊరంతా చూసుకుంటూ వెళ్లాను.

ఆపరేషన్ మర్నాడే. ముందురోజు చర్చి సంఘంవాళ్లు ఇంటికొచ్చి పాడటం ఇక్కడి అలవాటు. సాయంత్రానికి గుమ్మం ముందు చెప్పులు నిండిపోయాయి. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఊరినుంచి వచ్చిన తమ్ముణ్ని కదా, మొదటి పాట నన్నే ఎత్తుకోమన్నారు. నేను పాడితే పాట పాడవుతుందని పాపం వాళ్లకి తెలియదు.

మా ఊరి చర్చి పద్ధతిలో, ఎద్దుబండి నడకలో మొదలుపెట్టాను. ఇక్కడ అదే పాట పరుగు. పక్కింటి యాదమ్మగారు, గుళ్లో భజనకీ అక్క పాటకీ ఒకేలా వచ్చే మనిషి, డోలక్ అందుకున్నారు. నేను మొదటి చరణం ముగించేసరికి వాళ్లు మూడోది ముగించారు. మర్యాదకి వాళ్లు నెమ్మదించారు. మర్యాదకే నేను పరుగెత్తాను. మళ్లీ కలవలేదు.

"ఏందీ తమ్మీ, గిట్ల ఉరుకుతున్నవ్? ఇప్పటిదాంక నిద్రపోతుంటివి గద!" అన్నారు యాదమ్మగారు.

గోడవైపు నుంచి నవ్వు వినిపించింది. అక్క లేచి కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. "ఒరేయ్, ఈ గొంతేసుకుని నువ్వే ఇంత ధైర్యంగా పాడుతుంటే, నాకేంట్రా భయం!" అని తనే ఎత్తుకుంది, అమ్మ పాడిన మెల్లని నడకలో. డోలక్ తగ్గింది. గదంతా ఆ పాట వెనకే నడిచింది. అయ్యాక బావని అడిగింది: "పొద్దున ఎన్నింటికి పోవాలి?"

"నేను సుత వస్తా" అన్నారు యాదమ్మగారు.

వారం తర్వాత తిరుగు రైలు. బీబీనగర్ దాటుతుండగా, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన అక్క ఫోన్ చేసింది. "విను" అని పల్లవి అందుకుంది. గొంతు బొంగురుగా ఉంది. పైకి వెళ్లాల్సిన చోట కిందనుంచే దాటేసింది. అయినా పాట అక్కదే. సంతోషం పట్టలేక స్పీకర్ పెట్టి నేనూ గొంతు కలిపాను.

ఎదురు సీటాయన నా మోకాలు తట్టాడు. "అన్నా, ఫోన్ల అక్క మంచిగ పాడుతున్నది. నువ్వు జెర ఆగు."

ఆగాను. ఆయన ఫోన్ మీదికి ఒంగి, "అక్కా, ఇంకోపారి" అన్నాడు.