మారెక్క పోగొట్టిన తాళంచెవి

మారెక్క అటెండరుగా పనిచేసే ఆఫీసులో రెండు గదులు. ఎడమ గదిలో అరుణజ్యోతి మేడమ్, మొగుళ్ల చేత తన్నులు తిన్న ఆడవాళ్లను కాపాడుతుంది. కుడి గదిలో ఉదయ్ కుమార్ సార్, పిల్లలను కాపాడతాడు. మధ్యలో ఆరడుగుల వరండా. అది దాటితే ఉద్యోగం ఊడుతుందని ఎవరు చెప్పారో ఏమో, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు. ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు, ఆ నంబరుకో రిజిస్టరు. మోసేది మారెక్క. తల్లిని తన్నే చేయి పిల్లను వదలదని ఈ మహానుభావులకు తెలియదా? తెలుసు. అది ఏ గదిలో తెలియాలో తేలలేదంతే.

బెళుగుప్ప వైపు నుంచి రేఖ నాలుగేళ్ల మౌనికను చంకనేసుకుని వచ్చింది. మొగుడు దవడ పగలగొట్టాడు. దొరికితే ఇద్దరినీ బావిలో వేస్తానన్నాడు. మేడమ్ వాళ్లను కొత్తచెరువు అనే ఊళ్లో ఒక హాస్టల్లో దాచింది. మంచి పనే. పిల్ల కూడా ఉంది కదా అని, అడ్రసుతో సహా కుడి గదికి ఉత్తరం రాసింది.

నాలుగో రోజు సార్ మారెక్క చేతికి పోస్టు చేయమని ఒక కవరు ఇచ్చాడు. మీద మౌనిక తండ్రి పేరుంది.

"దీంట్లో ఏముండాది సార్?"

"నోటీసు. పిల్ల ఫలానా హాస్టల్లో ఉండాది, వచ్చి సంతకం పెట్టమని రాసినా. తండ్రి సంతకం లేకుంటే ఫైలు కదలదు."

"వాడు సంతకం పెట్టేకి వస్తాడా సార్? సంపేకి వస్తాడు."

"తల్లి గొడవ మా సెక్షన్ కాదు మారెక్కా."

మారెక్క మేడమ్ దగ్గరికి పరుగెత్తింది. మేడమ్ తలెత్తలేదు. "నోటీసులు వాళ్ల సెక్షన్. ఏమన్నా ఉంటే ఉత్తరం రాస్తాలే" అంది.

ఆ ఉత్తరం వరండా దాటేలోపు రేఖ మొగుడు కొత్తచెరువు చేరుకుంటాడు. చదువుకున్నవాళ్లకు ఇంత చిన్న లెక్క అందకపోవడం చూసి మారెక్కకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం సార్ భోంచేసి వచ్చేసరికి కుడి గదికి తాళం వేసి ఉంది.

"తాళంచెవి యాడో పడిపోయింది సార్. అంతవరకూ ఈడ కూర్చోండి" అంటూ మారెక్క మేడమ్ బల్లకు ఎదురుగా కుర్చీ వేసింది. కవరును ఇద్దరి మధ్యా పెట్టి, "ఇద్దరూ కలిసి సదవండి" అంది.

మేడమ్ విప్పి చదివింది. కాగితాన్ని సార్ ముందుకు తోసింది.

"ఈ అడ్రసు దాచాలని కదండీ నా పాట్లన్నీ?"

"దాచాలని మీరు రాయలేదే!"

ఏడాదిలో వాళ్లు నోటితో మాట్లాడుకున్న మొదటి మాటలవి. సార్ నోటీసును చింపి చెత్తబుట్టలో వేశాడు.

వారం తర్వాత అదే గదిలో 'సమన్వయ సమావేశం' అని బ్యానరు కట్టి ఫోటో దిగారు. టీలు పెట్టి పక్కకు జరగమంటే మారెక్క జరిగింది.

"తాళంచెవి దొరికిందా మారెక్కా?" అని సార్ అడిగాడు.

"ఎతుకుతాండా సార్" అంది మారెక్క, తాళంచెవి కట్టిన కొంగుముడిని నడుములోకి ఇంకాస్త దోపుకుంటూ.