ఇంజన్ పక్క సీటు

డెబ్బైల చివర్లో మా కాపురం నంద్యాలలో, నా పంతులమ్మ ఉద్యోగం ఆళ్లగడ్డలో. పొద్దున్నే చాగలమర్రి పోయే ఎర్ర బస్సెక్కి వెళ్లేదాన్ని, సాయంత్రం అదే బస్సులో తిరిగి వచ్చేదాన్ని. ఆ బస్సులో నాకంటూ ఒక సీటు ఉండేది. డ్రైవరు పక్కన, ఇంజన్ మీది రేకు మూతను ఆనుకొని, ఆడవాళ్లకని వేసిన సీటు అది. డ్రైవరన్న కూతురు నా దగ్గర చదువుతుండేది. అందుకని ఆయన బస్టాండులో బండి నిలపగానే తన తువ్వాలు తీసి ఆ సీటు మీద వేసేవాడు. ఎవరైనా కూర్చోబోతే, "అది టీచరమ్మది. ఎనక్కి పోండి" అనేవాడు. బస్సెంత కిక్కిరిసినా నేను మాత్రం దర్జాగా వెళ్లి కూర్చునేదాన్ని. నాకు కాస్త గీర ఎక్కువే. అందరూ చూస్తుండగా ఆ తువ్వాలు తీసి డ్రైవరన్నకు అందించడమంటే భలే ఇష్టంగా ఉండేది.

ఆ గీరే చివరికి నా గొంతు మీదికి తెచ్చింది. ఇంట్లో బయల్దేరేటప్పుడు బాగుండే గొంతు ఆళ్లగడ్డలో దిగేసరికి బొంగురుపోయేది. మొదటి పీరియడంతా దగ్గుతోనే సరిపోయేది. కళ్లు మండేవి, తల దిమ్ముగా ఉండేది. మధ్యాహ్నానికి కొంచెం తేరుకునేదాన్ని. సాయంత్రం బస్సెక్కితే మళ్లీ మొదటికి వచ్చేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. ఒక ఆదివారం పాట సగంలో ఉండగా గొంతు పూర్తిగా ఆగిపోయింది. పక్కనున్నావిడ అందుకొని పాడింది. నేను పాటల పుస్తకంలో తల దూర్చి నిలబడ్డాను. ఆ రోజు నిజంగా భయపడ్డాను. పంతులమ్మకు గొంతు పోతే ఇంక మిగిలేదేముంది?

అందరూ సుద్దముక్క పొడి అన్నారు. నేనూ నమ్మాను. నల్లబల్ల తుడిచేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకున్నాను, మిరియాల కషాయం తాగాను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. ఇంతలో పరీక్షలొచ్చాయి. పది రోజులు సుద్దముక్క ముట్టలేదు. అయినా దగ్గు తగ్గలేదు. అప్పుడు నంద్యాలలో ఒక ముసలి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన గొంతులోకి లైటు వేసి చూశాడు. తర్వాత నా చేతిలోని రుమాలు అడిగి తీసుకొని విప్పాడు. ముక్కు తుడుచుకున్న చోటల్లా నల్లటి మసి.

"బస్సులో యాడ కూర్చుంటావమ్మా?"

"ముందర, ఇంజన్ కాడ," అని గర్వంగానే చెప్పాను.

"పొగగూట్లో తల పెట్టి కూర్చొని నన్ను మందడిగితే యాడ తెచ్చేది? ఈ మసి గొంతు కాడ ఆగదు, ఊపిరితిత్తుల్లోకి పోతాది. ఇప్పుడు దగ్గు, తర్వాత ఆయాసం. గుండెకూ మంచిది కాదు. ముందు ఆడ్నుంచి లెయ్," అన్నాడు.

మర్నాడే సీటు మారాను. మొదట ఏదో తెలివిగా అనుకొని చిట్టచివరి సీటుకు వెళ్లాను. బండి లేపిన దుమ్మూ, వెనక గొట్టం పొగా అక్కడే సుడి తిరిగేవి. రెండు రోజులకే బుద్ధొచ్చింది. మూడో రోజు నాలుగో వరుసలో కిటికీ దగ్గర కూర్చున్నాను. ముందు లారీ పొగ కక్కుతుంటే కిటికీ మూసేదాన్ని, లారీని దాటాక తీసేదాన్ని. తడి రుమాలు ముక్కుకు కట్టుకొని కూడా చూశాను. దుమ్ము ఆగింది గాని పొగ ఆగలేదు.

తువ్వాలు మాత్రం రోజూ ముందర సీటు మీద అలాగే పడి ఉండేది. డ్రైవరన్న అద్దంలోంచి నన్ను చూసేవాడు, పలకరించేవాడు కాదు. వారం తర్వాత శిరివెళ్లలో టీ కోసం బండి ఆగినప్పుడు నా కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ఏం టీచరమ్మా, నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా? తువ్వాలు ఆడుంటే నువ్వు ఈడ కూర్చుంటాండావ్."

"తప్పేం లేదన్నా. పొగ పడక నా గొంతు పోతాంది," అని రుమాలు చూపించాను.

ఆయన లోపలికి పోయి తువ్వాలు తెచ్చి నా ముందు విప్పాడు. ముఖం తుడుచుకున్న మేరంతా నల్లగా ఉంది. "మా ఇంట్లో ఆమె దీన్ని ఉతకలేక తిడతాంటాది. నేను రోడ్డు దుమ్మనుకుంటాంటి," అని నవ్వేశాడు. నేనూ నవ్వాను.

మర్నాటి నుంచి తువ్వాలు నాలుగో వరుసకు మారింది. ఇంకో పని కూడా చేశాడాయన. బ్యాటరీ బాగలేక ఆ బండిని ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టయ్యేది కాదు. అందుకని టీ తాగే చోట ఇంజన్ ఆడుతూనే ఉండేది. దిగితే సీటు పోతుందని జనమంతా ఆ పొగలోనే కూర్చునేవాళ్లు. ఇప్పుడాయన కొంచెం దిగుడున్న చోటు చూసి బండి నిలిపి ఇంజన్ ఆపేసేవాడు. పోయేటప్పుడు బండిని దొర్లనిచ్చి గేరు వేసేవాడు. అప్పటికీ ఇంజన్ లేవకపోతే మగవాళ్లు దిగి నెట్టాలి. "టీచరమ్మ గొంతు కోసం మేం బండి నెట్టల్లనా?" అని ఎవరో సణిగితే, "నీ గొంతేమన్నా ఇనుముతో చేసినారా? నెట్టు" అన్నాడు. చంకలో బిడ్డతో ఎవరైనా ఇంజన్ పక్కకు వస్తే, "ఎనక్కి పోమ్మా, బిడ్డకు పొగ మంచిది కాదు" అని పంపేవాడు.

రెండు నెలలకు నా గొంతు తిరిగొచ్చింది. చర్చిలో మళ్లీ నేనే పాట ఎత్తుకున్నాను. పొగ సంగతంతా నేనే కనిపెట్టినట్టు బళ్లో అందరికీ చెప్పుకు తిరిగాను.

ఆరేడేళ్లు గడిచాయి. ఆయాసం ఎక్కువై డ్రైవరన్నను బండి నుంచి దించేశారని విన్నాను. ఒక సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సెక్కి నా కిటికీ దగ్గర కూర్చొని ఉంటే, మెట్ల మీద ఎవరో రొప్పుతూ ఆగారు. ఆయనే. నంద్యాల ఆసుపత్రికి పోతున్నాడు. రెండు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగి, అలవాటు కొద్దీ ఇంజన్ పక్కకే నడిచాడు. కొత్త డ్రైవరు కూడా "రాన్నా, కూర్చో" అని మర్యాదగా ఆ సీటే చూపించాడు.

నేను లేచి నా రుమాలు కిటికీ సీటు మీద వేశాను. "అన్నా, ఆడొద్దు, ఈడికి రా" అని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి కూర్చోబెట్టి, వెనక వరుసకు జరిగాను.

బండి శిరివెళ్ల దాటింది. కోతకొచ్చిన వరి మీదుగా చల్లటి గాలి వస్తోంది. ఆయన కిటికీ ఊచలకు ముఖం ఆనించి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"ఈడ గాలి ఇంత బాగుంటాదా, టీచరమ్మా? ఇన్నేండ్లు బండి తోలినా గానీ ఒక్కనాడూ ఈడ కూర్చోలే."

నాకు సిగ్గేసింది. ఆయన నా సీటు మార్చాడు, ముక్కూ మొహం తెలియని బిడ్డలను వెనక్కి పంపాడు. తను మాత్రం ఆ రేకు మూత పక్కనే ఉండిపోయాడు. అన్నేళ్లలో ఒక్కసారైనా "మరి నీ సంగతేందన్నా?" అని నేను అడగలేదు.